కీలు కనపడని బిళ్లల బ్రేస్‌లెట్: 18 క్యారెట్లలో ఒక కేస్ స్టడీ

ఆర్డరు క్లుప్తంగా ఇది. 18 క్యారెట్ల పసుపు బంగారంలో 5 మి.మీ. వెడల్పున్న చదును బ్రేస్‌లెట్. పైన రెండు వరసల సన్న రవ్వలు. మణికట్టు చుట్టుకొలత 156 మి.మీ. బరువు 30 గ్రాములు దాటకూడదు. చేతికి రిబ్బను చుట్టినట్టు ఉండాలి, బిళ్లకీ బిళ్లకీ మధ్య కలిపే రింగులు గానీ సీలలు (బిళ్లలను కలిపి గుచ్చే సన్నని పిన్నులు) గానీ కంటపడకూడదు.

ఇలాంటి పనిలో చాలామంది దృష్టి సీలను దాచడం మీదే ఉంటుంది. నిజానికి సీల తలను చదును చేసి మెరుగు పెడితే అది మాయమైపోతుంది, అందులో పెద్ద విద్య లేదు. బయటపడేది సందు. బల్ల మీద చాచి పెట్టినప్పుడు బిళ్లలు అతికినట్టే ఉంటాయి. చేతికి పెట్టుకోగానే పైన సందులు నోరు తెరుస్తాయి, వాటిలోంచి చర్మమో చీకటో కనిపిస్తుంది. కాబట్టి డిజైను మొత్తాన్ని వంగిన స్థితిలో గీసి, ఆ తర్వాతే చాచిన స్థితిలో సరిచూసుకోవాలి. ఈ కేసులోని కొలతలన్నీ ఆ వరసలోనే వచ్చాయి.

బిళ్ల నిర్మాణం, పేర్లు

ప్రతి బిళ్లకూ ఒక కొసన గాడి, రెండో కొసన నాలుక. ఒక బిళ్ల నాలుక పక్క బిళ్ల గాడిలోకి దూరుతుంది. గాడికి రెండు పక్కలా ఉండే గోడలు చెంపలు. చెంపలనూ నాలుకనూ కలిపి అడ్డంగా గుచ్చేది సీల. గాడి పైన మూసి, కింద మణికట్టు వైపు తెరిచి ఉంటుంది. పైన మూసిన ఆ పలుచని భాగాన్ని కప్పు అంటాం. కప్పు ఉంది కాబట్టే పైనుంచి చూస్తే బిళ్ల కొస ఒకే సరళరేఖగా కనిపిస్తుంది. అడుగు తెరిచి ఉంది కాబట్టి పోత సాఫీగా వస్తుంది, మురికి కడగొచ్చు, నాలుక వంగడానికి చోటు దొరుకుతుంది.

కొలతలు: సీల నుంచి సీలకు దూరం, అంటే పిచ్, 7.00 మి.మీ. వెడల్పు 5.0, మందం 2.8. నాలుక వెడల్పు 2.3, గాడి వెడల్పు 2.4, చెంపలు ఒక్కొక్కటి 1.3. సీల వ్యాసం 0.70. నాలుక కొస సీల కేంద్రం చుట్టూ 0.8 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉంటుంది. సీల కేంద్రం గాడి ఉన్న కొస నుంచి 0.9 మి.మీ. లోపల, అడుగు నుంచి 1.3 మి.మీ. ఎత్తులో. బిళ్లల మధ్య చాచినప్పుడు ఉండే సందు 0.08.

మొత్తం 25 బిళ్లలు, వాటిలో ఒకటి లాక్ బిళ్ల. కీళ్లు 24. సీలల గీత వెంబడి పొడవు 175 మి.మీ. ఇక్కడ లెక్క తప్పడం చాలా తేలిక. 175 మి.మీ. బ్రేస్‌లెట్ లోపలి చుట్టుకొలత 175 ఉండదు. సీల అడుగు నుంచి 1.3 మి.మీ. పైన ఉంది కాబట్టి చుట్టినప్పుడు లోపలి వైపు 1.3 ను 2π తో గుణించినంత, అంటే 8 మి.మీ. పైచిలుకు తగ్గుతుంది. మిగిలేది సుమారు 166.8. మణికట్టు 156 తీసేస్తే పది, పదకొండు మి.మీ. వదులు. మందం పెరిగిన కొద్దీ ఈ కోత పెరుగుతుంది. పలుచని చైను సైజు చూసి మందమైన బిళ్లల బ్రేస్‌లెట్ పొడవు నిర్ణయిస్తే అది చేతికి బిగుతుగా వస్తుంది.

ఎంత వంగాలి

24 కీళ్లు కలిసి 360 డిగ్రీలు తిరగాలి కాబట్టి సగటున కీలుకు 15 డిగ్రీలు. కానీ మణికట్టు గుండ్రం కాదు. పైనా కిందా చదును, రెండు పక్కలా బిగువైన మలుపు. ఈ సైజు చేతికి పక్కల మలుపు వ్యాసార్ధం చర్మం దగ్గర 17 మి.మీ. లోపే ఉంటుంది, సీలల గీత దగ్గర 18 అనుకోవచ్చు. పిచ్‌లో సగాన్ని ఆ వ్యాసార్ధంతో భాగించి, వచ్చినదాన్ని సైన్ విలువగా తీసుకుని కోణం చూసి, రెట్టింపు చేయాలి. 3.5 ను 18 తో భాగిస్తే 0.194, కోణం 11.2, రెట్టింపు 22.4 డిగ్రీలు. అంటే పక్కల దగ్గర ప్రతి కీలూ 22 డిగ్రీలు దాటి వంగగలగాలి.

కీలు కచ్చితంగా 22 దగ్గరే ఆగేలా చేస్తే రెండు ఇబ్బందులు. చేయి టేబులుకు ఆనినప్పుడు కీలు చివరికంటా వెళ్లి గట్టిగా ఆగుతుంది, ఆ దెబ్బంతా సీల మీద పడుతుంది. రెండోది, బిళ్లల అడుగు అంచులు చేతి మీదే మూసుకుని వెంట్రుకలు పట్టి లాగుతాయి. అందుకే 35 డిగ్రీల దాకా వంగేలా చేశాం. చేతి మీద కింది అంచులు ఎప్పుడూ మూసుకోవు, ఇంకా 12 డిగ్రీల ఖాళీ మిగిలే ఉంటుంది.

వెనక్కి వంగడం మాత్రం తక్కువే ఉండాలి. పై అంచులు ఒకదానికొకటి ఆనడమే ఇక్కడ ఆపేది. సందు 0.08, అంచు సీల నుంచి 1.5 పైన ఉంది. 0.08 ను 1.5 తో భాగిస్తే సుమారు 3 డిగ్రీలు. ఇంతకంటే ఎక్కువ వెనక్కి వంగే బ్రేస్‌లెట్ బ్యాగులో ముడుచుకున్నప్పుడు రవ్వల పళ్లు ఒకదాన్నొకటి గీసుకుంటాయి.

సీల ఎత్తు

కనపడే సందు ఎంతన్నది తేల్చేది ప్రధానంగా ఇదే. సీల ఎంత కిందికి ఉంటే వంగినప్పుడు పై అంచు అంత దూరం జరుగుతుంది. సీలను అడుగు నుంచి 0.7 మి.మీ. ఎత్తులో పెట్టి గీస్తే 22.4 డిగ్రీల దగ్గర పై సందు 0.81 మి.మీ. అదే 1.3 ఎత్తులో పెడితే 0.58. సగటు 15 డిగ్రీల దగ్గర 0.43. ఈ తేడా కాగితం మీద చిన్నదే గానీ, చేతి మీద మొదటిది తెరిచిన కీలులా, రెండోది గీసిన గీతలా కనిపిస్తుంది.

అలాగని ఇంకా పైకి తీసుకుపోలేం. కప్పు మందం అడ్డొస్తుంది. సీల కేంద్రం పైనుంచి 1.5 కింద ఉంది. అందులోంచి నాలుక వ్యాసార్ధం 0.8, ఆడే ఖాళీ 0.08 తీసేస్తే కప్పు 0.62. మెరుగు తర్వాత 0.55 దాకా నిలుస్తుంది. సీలను ఇంకో 0.3 పైకి జరిపితే కప్పు 0.32 కి పడిపోయి, మెరుగు తర్వాత పావు మిల్లీమీటరు మిగులుతుంది. అంత పలుచని 18 క్యారెట్ల రేకు కొసన చిన్న దెబ్బ తగిలినా నాలుక మీదికి నొక్కుకుపోతుంది, కీలు బిగుసుకుపోతుంది. నాలుకను సన్నం చేసి కప్పుకు మందం ఇవ్వడం కూడా కుదరదు. నాలుకలో 0.75 రంధ్రం పోగా చుట్టూ మిగిలేది 0.425 మాత్రమే. అరుగుదలకు ఉన్న నిల్వ అంతా అదే.

సందులోంచి వెలుతురు రాకుండా

0.4, 0.5 మి.మీ. సందు ఎటూ తెరుచుకుంటుంది, దాన్ని సున్నా చేయలేం. చేయగలిగిందల్లా ఆ సందులో కన్నుకు బంగారమే కనపడేలా చూడటం. మామూలుగా బిళ్ల కొసలను రెండు వైపులా కింద ఏటవాలుగా కోసేసి వంపుకు చోటిస్తారు. అలా కోస్తే వంగినప్పుడు పైన తెరుచుకున్న సందు కిందిదాకా ఒకే దారిగా మారి, చర్మం కనిపిస్తుంది.

ఇక్కడ కోత అంతా చెంపలున్న కొసకే ఇచ్చాం, నాలుక ఉన్న కొస నిలువుగానే ఉంది. చెంప కొస సీల ఎత్తు నుంచి కిందికి దిగేటప్పుడు సీల కేంద్రం చుట్టూ 0.9 వ్యాసార్ధంతో గుండ్రంగా తిరుగుతుంది. 35 డిగ్రీలు తిరిగాక అక్కడి నుంచి స్పర్శరేఖగా తిన్నగా అడుగుకు చేరుతుంది. అడుగు దగ్గర అంచు 0.71 మి.మీ. వెనక్కి జరిగి ఉంటుంది. గుండ్రం సీల కేంద్రం చుట్టూనే ఉంది కాబట్టి పక్క బిళ్ల ఏ కోణంలో వంగినా దాని నిలువు ముఖం ఆ గుండ్రానికి అదే 0.08 దూరంలో ఉంటుంది. పైన నోరు తెరుచుకున్నా, సీల ఎత్తు కంటే కాస్త కింద దారి మూసే ఉంటుంది. పైనుంచి చూసేవారికి సందు అడుగున మెరిసే బంగారమే కనిపిస్తుంది.

ఈ గుండ్రం కేంద్రం సీల కేంద్రంతో కలవకపోతే అంతా చెడుతుంది. సీల రంధ్రం 0.1 పక్కకు పోయిందంటే ఆ కీలు ఒక కోణం దాకా వదులుగా తిరిగి, ఆపైన రాసుకుంటుంది. కీలు సగంలో పట్టేస్తోందంటే ముందు చూడాల్సింది ఇదే. చాలామంది గాడిని వెడల్పు చేసేస్తారు. దాంతో పట్టు వదలదు, పక్క ఆట మాత్రం పెరుగుతుంది.

సందులో కనపడే నాలుక మెడ (నాలుక బిళ్లలోంచి బయటికి వచ్చే చోటు) పైభాగానికి, చెంపల గుండ్రానికి బిగించకముందే అద్దంలా మెరుగు పెట్టాలి. బిగించాక అక్కడికి ఏ పనిముట్టూ చేరదు.

రవ్వలకూ గాడికీ పొత్తు

ఒక్కో బిళ్లకు 1.3 మి.మీ. రవ్వలు ఆరు, మూడు చొప్పున రెండు వరసలు. ఈ సైజు రవ్వ ఒకటి సుమారు 0.01 క్యారెట్ (ఇక్కడ క్యారెట్ అంటే రవ్వల బరువు కొలత). 25 బిళ్లలకు 150 రవ్వలు, ఒకటిన్నర క్యారెట్. రవ్వకూ రవ్వకూ నడుమ 0.15 లోహం, అంటే వరస పొడవు 4.2. ఈ వరస బిళ్ల నడిమధ్యలో ఉండాలి, లేకపోతే రవ్వల లయ తప్పి ఎక్కడ అతుకుందో కన్ను వెంటనే పట్టేస్తుంది.

చిక్కు ఇక్కడుంది. గాడి కొస నుంచి 1.78 లోపలిదాకా వెళుతుంది. మధ్యకు సర్దిన వరసలో మొదటి రవ్వ 1.36 దగ్గరే మొదలవుతుంది. రవ్వ లోతు వ్యాసంలో 60 శాతం అనుకుంటే 0.78. గాడి లోపలి మూలను చదరంగా ఉంచితే, కప్పు కింద ఆ మూల సరిగ్గా రవ్వ గుంట పక్కకు వచ్చి, మధ్యలో 0.1 మి.మీ. లోహం కూడా మిగలదు. గుంట తొలిచే బర్ (తిరిగే చిన్న కోత మొన) దిగగానే గుంట గాడిలోకి తూటు పడుతుంది. ఆ తూటుతో నాలుక ఆడిన ప్రతిసారీ రవ్వ కింద మద్దతు అరుగుతుంది, కొన్నాళ్లకు రవ్వ కదులుతుంది.

మార్గం తేలికైనదే. గాడి లోపలి మూలను కూడా సీల కేంద్రం చుట్టూ 0.88 వ్యాసార్ధంతో గుండ్రం చేస్తే సరి. నాలుక కొస ఎటూ గుండ్రమే, దానికి చదరపు మూల అక్కర్లేదు. గుండ్రం చేశాక, రవ్వ గుంట దగ్గరపడే చోట గాడి ఇంకా కిందికి వంగిపోయి, మధ్యలో కావలసినంత లోహం దొరుకుతుంది. కీలునూ రవ్వలనూ విడివిడి ఫైళ్లలో గీసి చివర్లో కలిపేవారికి ఈ తూటు పోత పోశాక గానీ కనపడదు. బిళ్లను పొడవునా నిలువుగా కోసిన బొమ్మను మొదటి నుంచీ ముందుంచుకోవాలి.

బరువు కోసం రవ్వల వెనక 3.7 × 3.4 మి.మీ., 1.3 లోతు తొట్టి ఇచ్చాం. తొట్టికీ గాడికీ నడుమ 0.6 గోడ ఉంచాలి, అది చెంపలను కలిపి పట్టే నడికట్టు. తొట్టి లేకుండా బ్రేస్‌లెట్ 35 గ్రాముల దాకా పోతుంది. తొట్టితో 28, 29 దగ్గర ఆగుతుంది. రవ్వల వెనక్కి వెలుతురు, కడగడానికి దారి కూడా దానివల్లే.

పోత నుంచి బిగింపు దాకా

పోతకు నమూనాలుగా వాడే రెసిన్ ముక్కలను ఒకటిన్నర శాతం పెంచి ప్రింట్ చేయించాం. పోత బంగారం దాదాపు అంత ముడుచుకుంటుంది, మీ కాస్టింగ్ వాళ్ల దగ్గర ఒక నమూనా బిళ్ల పోయించి కొలిచి ఆ అంకె సవరించుకోవాలి. స్ప్రూను, అంటే కరిగిన బంగారం లోపలికి వెళ్లే దారిని, నాలుక ఉన్న కొస దగ్గర, బిళ్ల మందమైన అడుగు భాగంలో పెట్టాలి. దూరంగా పెడితే సన్నని నాలుక ముందే గడ్డకట్టి, లోహం అందక లోపల బుడగలు మిగులుతాయి. ఆ బుడగలు సరిగ్గా సీల రంధ్రం చుట్టూ బయటపడతాయి. అలాంటి బిళ్లను అతికి వాడకండి, మళ్లీ పోయండి.

గాడిని 2.3 కి, నాలుకను 2.4 కి పోసి, తర్వాత చేత్తో గాడిని 2.4 కి తెరిచి, నాలుకను 2.3 కి ఆకురాయి పట్టాలి. పోతలోనే సరికొలత వస్తుందనుకుంటే పోత గరుకు పోయేసరికి వదులు ఎక్కువైపోతుంది.

రంధ్రాలు రెండు బిళ్లలను కలిపే వేయాలి. నాలుకకు రెండు పక్కలా 0.05 ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని ఉక్కు) రేకులు, రెండు ముఖాల మధ్య 0.08 రేకు పెట్టి, 5 మి.మీ. గాడి ఉన్న ఉక్కు పట్టాలో తిన్నగా బిగించి, చెంప నుంచి చెంపకు 0.68 డ్రిల్‌తో ఒకే దెబ్బలో. డ్రిల్‌కు తేనె మైనం రాస్తూ, తరచూ బయటికి తీసి రజను దులపాలి. అలా చేయకపోతే నాలుక దగ్గరికి వచ్చేసరికి డ్రిల్ విరిగి అక్కడే ఇరుక్కుంటుంది. తర్వాత విడదీసి చెంపలను రీమర్‌తో (రంధ్రాన్ని సరికొలతకు తెరిచే పనిముట్టు) 0.70 కి, నాలుకను మాత్రం 0.75 కి తెరవాలి. సీల చెంపల్లో బిగుతుగా, నాలుకలో వదులుగా ఉండాలి. తిరిగేది నాలుకే, సీల తిరగకూడదు. సీల చెంపలో తిరిగిందంటే పక్క గోడ మీది మెరుగు పెట్టిన చుక్క చుట్టూ వలయం గీసుకుని బయటపడుతుంది.

జంటగా రంధ్రం వేసిన బిళ్లలు ఇంకో జంటకు సరిపోవు. గాడి లోపల సన్న గీతలతో అంకెలు వేసుకోండి. పది బిళ్లలు కూర్చి కొలిస్తే 70 మి.మీ. రావాలి, 0.1 అటూ ఇటూ పరవాలేదు. బిళ్లకు 0.05 తేడా వచ్చినా 25 బిళ్లలకు 1.25 మి.మీ. అవుతుంది, అది లాక్ దగ్గర తేలుతుంది.

సీల తీగను అదే కరుగులోని బంగారంతోనే లాగాలి. 18 క్యారెట్లే కదా అని వేరే తీగ వాడితే రాగి, వెండి పాళ్లు వేరుగా ఉండి, మెరుగు పెట్టాక పసుపు గోడ మీద ఎర్రని చుక్కలు వరసగా కనపడతాయి. తీగను 1.0 దగ్గర కాల్చి మెత్తబరిచి, అక్కడి నుంచి మళ్లీ కాల్చకుండా కమ్మచ్చులో (తీగ లాగే రంధ్రాల పలక) 0.70 కి దించాలి. అడ్డకోత వైశాల్యం సగానికి తగ్గడంతో తీగ బాగా గట్టిపడుతుంది. నాలుక కంటే సీల గట్టిగా ఉండాలి. రెండూ ఒకే మెత్తదనంతో ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుని చీరుకుంటాయి.

రవ్వలను విడి బిళ్లల్లోనే, లక్కలో నిలబెట్టి పొదిగాం. కూర్చాక పొదిగితే కీళ్లలోకి లక్క దిగుతుంది, దాన్ని వదిలించడం పెద్ద పని.

బిగింపులో టంకం జోలికి పోలేదు. సీల పక్కన టంకం కరిగితే అది సన్న సందు వెంబడి నాలుకలోకి పాకుతుంది, కీలు శాశ్వతంగా మూసుకుపోతుంది. పైగా ఎర్రగా కాలితే, లాగి తెచ్చిన సీల గట్టిదనం పోతుంది. చెంప రంధ్రం నోటిని 0.9 బర్‌తో 0.15 లోతు విప్పి, 5.2 పొడవు సీల గుచ్చి, రెండు కొసలనూ అదే బంగారపు 0.25 తీగతో లేజర్ వెల్డ్ చేసి, ఆకురాయితో గోడకు సమం చేశాం. లేజర్ వేడికి లోహం కరిగేది పైపైనే. చెంప 1.3 మందం ఉంది కాబట్టి నాలుక దగ్గరికి ఏమీ చేరదు. చెంపలు 0.6, 0.7 ఉన్న డిజైన్లలో వెల్డ్ దగ్గర సీల ఉబ్బి కీలు బిగుసుకుంటుంది.

సీల రంధ్రాన్ని ఒక పక్క మూసి ఉంచితే ఆ పక్క గోడ మచ్చ లేకుండా ఉంటుందని కొందరి వాదం. ఈ బ్రేస్‌లెట్‌కు ఒప్పుకోలేదు. రేపు బిళ్ల తీయాలన్నా పెట్టాలన్నా సీలను తోసి బయటికి తీసే దారి ఉండాలి. మూసిన రంధ్రంలోని సీలను తీయాలంటే తొలవడమే మార్గం.

చివరి మెరుగు దగ్గర చేతికొచ్చిన పని చెడిపోతుంటుంది. బఫ్ చక్రం బిళ్ల పై అంచులను ఒక్కొక్కటి 0.15 గుండ్రం చేసిందంటే, 0.08 సందు కంటికి 0.38 గా కనపడుతుంది. సీల ఎత్తు కోసం పడిన శ్రమంతా పోతుంది. బ్రేస్‌లెట్‌ను ఉక్కు పట్టాలో చాచి, బిళ్లలన్నీ ఒక్క పలకగా చేసి, గట్టి చదును చెక్కకు చుట్టిన ఎమెరీ కాగితంతో పొడవునా రుద్దాలి. బఫ్ ఆఖరున క్షణం మాత్రం. మెరుగు మందు కీళ్లలో మిగిలితే అది నూరుడు రాయిలా పనిచేస్తుంది కాబట్టి వేడి సబ్బునీటిలో అల్ట్రాసోనిక్‌లో పెట్టి, ప్రతి కీలునూ ఆడిస్తూ కడగాలి. నూనె చుక్క వేయకూడదు, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

లాక్

డబ్బా లాక్‌నే (బోలు బిళ్లలోకి స్ప్రింగు నాలుక దూరి పట్టేది) వాడాం, 25వ బిళ్లలోనే. 2.8 మందంలో పైకప్పు 1.0, లోపలి ఖాళీ 1.3, అడుగు 0.5. రవ్వ లోతు 0.78 కాబట్టి రవ్వ కింద 0.22 లోహం ఉంటుంది. ఈ బిళ్లలో మాత్రం గుంటలు కిందికి తెరవకూడదు. స్ప్రింగు నాలుక లోపలికి వచ్చిన ప్రతిసారీ రవ్వ మొనకు తగిలే ప్రమాదం. స్ప్రింగు 0.4 రేకును మడిచింది, నొక్కితే 0.8, వదిలితే 1.25. నొక్కే చెవి పక్క గోడలోని గాటులోంచి 0.6 మాత్రమే బయటికి ఉంటుంది. రెండో పక్క ఎనిమిది ఆకారపు సేఫ్టీ లాక్.

లాక్ అతుకు వంగదు. అంటే అక్కడ రెండు బిళ్లలు కలిసి 14 మి.మీ. తిన్నని ముక్క. మణికట్టు కింది చదును మీదికి అది వచ్చేలా ధరిస్తే తేడా తెలియదు. పొడుగు బిళ్లల డిజైను అయితే లాక్ నాలుకకే మరో కీలు ఇవ్వాలి. హాల్‌మార్క్ గుర్తులు, అంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 18కే750, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ, ఈ బిళ్ల అడుగున లేజర్‌తోనే వేయించాలి. పంచ్ కొడితే 0.5 అడుగు లోపలికి నొక్కుకుపోయి స్ప్రింగు పట్టేస్తుంది. టంకం వాడలేదు కాబట్టి పరీక్షలో మచ్చు తగ్గే భయం కూడా లేదు.

పరీక్షలు

33 మి.మీ. వ్యాసమున్న గుండ్రని కర్ర మీద బ్రేస్‌లెట్‌ను వేలాడదీయండి. సీలల గీత దగ్గర వ్యాసార్ధం 18 వస్తుంది. చేయి పెట్టకుండానే ప్రతి బిళ్లా తన బరువుతో కర్రకు ఒరగాలి. ఎక్కడైనా బిళ్ల నిక్కి నిలబడితే ఆ కీలు విప్పాల్సిందే, అరిగి సర్దుకుంటుందని వదిలేయవద్దు.

తర్వాత ఒక కొస పట్టుకుని, బ్రేస్‌లెట్‌ను అంచు కిందికి వచ్చేలా తిప్పి, నేలకు సమాంతరంగా చాచి చూడండి. నాలుక రంధ్రంలో 0.05 వదులు 2.3 వెడల్పు మీద కీలుకు 1.25 డిగ్రీల పక్క ఆట ఇస్తుంది. 24 కీళ్లకు 30 డిగ్రీలు. ఆ మేరకు మెల్లని వంపు రావాలి. అసలు వంగకపోతే బ్రేస్‌లెట్ చేతి మీద కర్రలా నిలిచి, మెలి పడ్డప్పుడు సీల మీద భారం వేస్తుంది. 45 దాటి వంగితే పాములా మెలికలు తిరుగుతుంది. రెండు కొసలూ లాగితే పొడవు సుమారు 1.2 మి.మీ. పెరగాలి.

చివరగా 5 కిలోల బరువు నిమిషం పాటు. సీల నాలుకకు రెండు పక్కలా, అంటే రెండు చోట్ల, కోతకు (అడ్డంగా తెంచే బలానికి) గురవుతుంది, ఆ కోత వైశాల్యం 0.77 చదరపు మి.మీ. అది ఈ బరువును ఇబ్బంది లేకుండా మోస్తుంది. బరువు తీశాక కొలతలో శాశ్వతంగా పెరిగిన పొడవు ఉండకూడదు.

22 క్యారెట్లలో అడిగితే

మన ఇళ్లలో ఈ ప్రశ్న రాక తప్పదు. వడ్డాణం బిళ్లల మడతబందులు 22 క్యారెట్లలో తరాలుగా నిలుస్తున్నాయంటే, అవి మందంగా ఉండటం, ఏడాదికి కొద్దిసార్లే ఒంటి మీదికి రావడం కారణం. రోజూ వేసుకునే బ్రేస్‌లెట్‌కు పై కొలతలనే 916 (22 క్యారెట్ల) బంగారంలో పోస్తే నాలుక రంధ్రం త్వరగా కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. సీల 1.0, నాలుక గోడ కనీసం 0.7 కావాలి. అంటే నాలుక వ్యాసార్ధం 1.2, బిళ్ల మందం 3.6 దాకా. బరువు 30 గ్రాముల మాట మరిచిపోవాలి. ఆ సంగతి ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పడం మంచిది.

అరుగుదల, మరమ్మతు

ఆరు నెలలకోసారి కడిగించి, పొడవు కొలిపించుకోవాలి. 24 కీళ్లు కలిసి సాగడం 1.2 నుంచి 3.6 మి.మీ. కి పెరిగిందంటే నాలుక రంధ్రాలు 0.75 నుంచి 0.85 కి వచ్చాయన్నమాట. అప్పటికి పక్క ఆట మొత్తం 90 డిగ్రీల దాకా పెరిగి, అంచు మీద పట్టుకుంటే బ్రేస్‌లెట్ కొస నేల చూస్తుంది. సీల రెండు కొసల్లోనూ డ్రిల్ దించి వెల్డ్ తెంచి, ఒక పక్క నుంచి తోసి సీల తీసేయాలి. నాలుకను 0.90 కి, చెంపలను 0.85 కి గుండ్రంగా తెరిచి, 0.85 సీల వేయాలి. నాలుక గోడ 0.35 మిగులుతుంది. ఇది ఒక్కసారికే. రెండోసారి అరిగితే నాలుకను కోసేసి, కొత్త నాలుకను లేజర్‌తో అతకాలి. అతుకు నాలుక మెడ దగ్గర కాకుండా, తొట్టి గోడ దాకా లోపలికి జరిపి వేస్తేనే లాగుడుకు నిలుస్తుంది.